రెండు నలభైకి పోయే విమానం

రెండు నలభైకి వస్తుంది.
ఒక్కోరోజు రెండు నలభై మూడు.
కొబ్బరి మొవ్వుల మీద
ముందు ఎర్రచుక్క, పక్కన తెల్లచుక్క,
ఆ వెనక ఎప్పటికో చప్పుడు.
అప్పుడు నేను మూడో చెరువు గట్టు మీద
చెక్ ట్రే పైకి లాగి
మేత ఎంత మిగిలిందో చూస్తుంటాను.

మేత తెచ్చే పోసిబాబు ఫోనులో చూపించాడు.
ముంబయి నుంచి బ్యాంకాక్.
మూడువేల కిలోమీటర్లు, నాలుగు గంటలు.
పసుపురంగు బొమ్మ విమానం
గీత మీద చీమలా పాకుతోంది.
దాని కింద మొగల్తూరు లేదు, మనూరు లేదు.
గోదావరి ఒక్కటే నీలం దారప్పోగులా ఉంది,
ఆ దారం చివర చిక్కుపడ్డ చోట మనం.
"బాబాయ్, ఈ లంకలన్నీ దాటడానికి దానికి
పది నిమిషాలు కూడా పట్టదు" అన్నాడు.
నాకు ఒక చెరువు గట్టు చుట్టి రావడానికే
పావుగంట.

ఇంకో సంగతీ చెప్పాడు వాడు.
ఈ రొయ్యల తల్లులు
ఎక్కడో సముద్రాల అవతల పుట్టి
గాలి నింపిన సంచుల్లో విమానం దిగాయట.
అంటే నా చెరువులో
లక్షన్నర పిల్లలకీ
అమ్మ విమానం ఎక్కింది.
మా అమ్మ పంటు ఎక్కడానికే
కళ్ళు మూసుకుని
కొంగు నోట్లో కుక్కుకునేది.

మా ఇల్లు సఖినేటిపల్లి అవతల లంకలో.
అడ్డంగా గీత గీస్తే పన్నెండు కిలోమీటర్లు.
అదీ పోసిబాబు ఫోనే చెప్పింది.
గీత మీద ఎవడు నడుస్తాడు?
నరసాపురం రేవు దాకా సైకిలు,
అక్కడ పంటు కోసం నిలబడటం.
పంటు అవతలే ఉంటుంది.
ఎప్పుడెళ్ళినా అవతలే ఉంటుంది.
పాటు తీస్తే ఇసకమేటకి కొట్టుకుని
నీళ్ళు ఎదిగేదాకా వశిష్ఠ నడిమధ్యన
మనుషులూ మోటారుసైకిళ్ళూ ఒక గేదె దూడా.
దిగాక, పదకొండో మనిషి దొరికితేగాని
కదలని ఆటో.
అన్నీ బాగుంటే రెండు గంటలు.

రాత్రయితే పంటు లేదు.
మా మావ పోయాడని అర్ధరాత్రి ఫోనొస్తే
చించినాడ వంతెన మీదుగా తిరిగి
తొక్కుకుంటూ తొక్కుకుంటూ
అయిదింటికి ఇల్లు చేరాను.
ఆ లెక్కన ఆ రాత్రి
మా వాకిలి బ్యాంకాక్ కంటే దూరం.

మాణిక్యానికి నిద్ర తక్కువ.
ఒకరోజు విమానం నా నడినెత్తిన ఉండగా ఫోను చేసింది,
బుడ్డదానికి జ్వరం తగ్గిందని.
మాటల మధ్యలో ఆగి
"ఇదిగో, ఇక్కడ ఏదో విమానం పోతోంది" అంది.
ఇప్పుడే కదా
నా మీంచి పోయింది!

మర్నాడు లెక్కపెట్టాం.
"నా మీదికొచ్చింది" అన్నాను.
పెరట్లో దోమలు కొట్టుకుంటూ
ఆమె ఒకటి, రెండు అని మొదలుపెట్టింది.
యాభై ఒకటి దగ్గర
"వచ్చింది" అంది.

యాభై ఒక్క అంకెలు.
పెళ్ళయి పదహారేళ్ళు, ఇంత దగ్గరని
ఎవరూ చెప్పలేదు మాకు.

పైన వాళ్ళు దుప్పట్లు కప్పుకుని పడుకునుంటారు.
ఎవడన్నా కిటికీ తెర ఎత్తితే
చెరువు లైట్లు కనిపిస్తాయేమో,
ఏదో పెద్ద పట్నం అనుకుంటాడేమో.
అనుకోనీ.
ఒకసారి టార్చి లైటు ఎత్తి మూడుసార్లు ఆర్పాను.
మాణిక్యానికి చెప్పలేదు.

మొన్న సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఆగితే
చెరువు చచ్చినంత నిశ్శబ్దం,
ఆ నిశ్శబ్దంలో రొయ్య ఎంతోసేపు ఓర్చుకోదు.
జనరేటరు దగ్గరికి పరిగెత్తి
హ్యాండిలు తిప్పి, తిప్పి,
అది దగ్గి దగ్గి అందుకునేసరికి
బనీను పిండితే నీళ్ళు.
పైకి చూడనే లేదు.

నీళ్ళ మీద నురగ మళ్ళీ లేచాక
జేబులో మోగుతున్న ఫోను తీశాను.
"చెప్పలేదేం?" అంది.
"కరెంటు" అన్నాను.
"నువ్వు చెప్పకపోయినా మొదలెట్టేశాను.
నాలుగువందల పన్నెండు.
ఆపనా?"